నాలుక కింద వాక్కాసు

మొసలి దవడల మధ్యనుంచి ఒక చెప్పు తక్కువగా బయటపడ్డ మణిభద్రుడు గవ్వలదీవి ఇసుకలో బోర్లా పడి, కడుపులోకి చొరబడ్డ సముద్రాన్ని మళ్ళీ సముద్రానికే అప్పగించాడు. మొసలికి మనిషి దక్కలేదు, మనిషికి చెప్పు దక్కలేదు. ఇద్దరికీ పైకి చెప్పుకోదగ్గ విజయం కాదు. ఒంటి చెప్పుతోనే లేచి నిలబడి చుట్టూ చూశాడు.

ఆహా, ఏం దీవి అది! తెల్లగవ్వలు, పసుపుగవ్వలు, పులిచారల గవ్వలు గుట్టలు గుట్టలుగా పడి మధ్యాహ్నపు ఎండకు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. నెమలి కంఠం రంగు నీటి అంచున ఎర్రకాళ్ళ కొంగలు ఒంటికాలి మీద కొలువుదీరి ఉన్నాయి. కొబ్బరిమట్టల నీడలు నల్లని వేళ్ళలా నేలంతా ఆడుతున్నాయి, ఏదో పట్టుకుని ఇప్పుడే మాయం చేయబోతున్నట్టు. వాటి నడుమ అచ్చంగా గవ్వలతోనే కట్టిన గుడిసె ఒకటి. దాని గుమ్మానికి గవ్వల దండలే తలుపు. గాలి వీచినప్పుడల్లా ఆ తలుపు గలగల నవ్వుతోంది.

ఇంత అందాన్ని చూస్తే మరొకడు పాట అందుకునేవాడు. మణిభద్రుడు పళ్ళు నూరాడు. మూడేళ్ళుగా అతను నూరుతున్నది అవొక్కటే.

కనకకుంభ రాజ్యానికి రాజధాని టంకావతి. అక్కడి టంకశాలకు అతని తండ్రి ధనగుప్తుడు పెద్ద. బంగారు మాడల మీద రాజముద్ర వేసే అచ్చులు స్వయంగా చెక్కినవాడు. మహామంత్రి జిహ్వకేతుడు బంగారంలో రాగి కలపమన్నాడు. ధనగుప్తుడు కలపనన్నాడు, అదీ నిండు కొలువులో. జిహ్వకేతుడు చిరునవ్వు నవ్వి ఒక్క మాట అన్నాడు: "ధనగుప్తా, నీ కొలిమిలో దూకు." ఆ పెద్దమనిషి వద్దు వద్దని ఏడుస్తూనే నడిచి వెళ్ళి దూకాడు. కాళ్ళు ఆయన మాట వినలేదు, మంత్రి మాట విన్నాయి. అడ్డుపడి గొంతు చించుకున్న కూతురు మంజువాణికి రెండో మాట దక్కింది: "మంజువాణీ, నోలు మూసుకో." మహామంత్రికి 'ర' పలకదు, 'ల' అనే వస్తుంది. నోరైతేనేం, నోలైతేనేం, ఆ పిల్ల పెదవులు లక్క పోసినట్టు అతుక్కుపోయాయి. అచ్చులు చెక్కినవాడి కూతురికి ఆనాటినుంచి ఒక్క అచ్చు పలకదు. హల్లుల్లో కూడా 'మ్' ఒక్కటే మిగిలింది. పెదవి మూలలో తామరతూడు దూర్చుకుని గంజి పీల్చి బతుకుతోంది. టంకశాల బొంకుశాల అయింది.

అప్పుడు బంగారు గనుల్లో ఉన్న మణిభద్రుడు తిరిగొచ్చేసరికి కర్మ చేయడానికి తండ్రి బూడిద కూడా దొరకలేదు. మంత్రి మాటకు మూలమేమిటో గవ్వలదీవి గారడీ ఓబుళమ్మకు తెలుసునని ఒక ముసలి పడవవాడు చెప్పగా, ఏడు పాయలు ఈది ఇక్కడ తేలాడు.

"ఎవురా అది, ఒంటి చెప్పుతో ఊరేగుతాండావు?" గవ్వల తలుపు వెనకనుంచి గొంతు వినిపించింది.

ఓబుళమ్మ బయటికి వచ్చింది. బోసినోరు, వెండితీగల జుట్టు, ఎనభై ఏళ్ళ మొహం. చేతులు మాత్రం పదహారేళ్ళ పిల్లవి. వాటిలో నాలుగు గవ్వలు వేళ్ళ సందుల్లో తూనీగల్లా తిరుగుతున్నాయి.

"అవ్వా, పగ తీర్చుకునే విద్య కావాలి," అన్నాడు మణిభద్రుడు ఆమె కాళ్ళకు మొక్కి.

"పగలు తీర్చుకుంటావా, రేత్రి తీర్చుకుంటావా?"

"పగను పగలే తీర్చుకుంటాను. వాడికి నా మొహం కనబడాలి."

"అబ్బో! నాలుకకి పదునుండాది. చేతికి ఉండాదో లేదో సూడాల. ఇంతకీ ఎవుని మీదరా?"

"జిహ్వకేతుడి మీద."

నాలుగు గవ్వలూ టపటప కింద రాలాయి. అరవై ఏళ్ళలో ఆమె చేయి జారడం అదే మొదలు.

"ఆ సచ్చినోడా! వాడు నా శిష్యుడే నాయనా. పదేండ్లు నా కూడు తిన్యాడు, నా ఆటలు నేర్సినాడు. పొయ్యేటప్పుడు గురుదక్షిణ ఇయ్యాల్సింది పోయి, తీసకపోయినాడు."

"ఏం తీసుకుపోయాడు?"

"వాక్కాసు."

చింతగింజంత కాసు అది. దాన్ని నాలుక కింద పెట్టుకుని పలికిన మాట జరిగి తీరుతుంది. ఓబుళమ్మ గురువుగారి గురువుగారి కాలంనుంచి ఆ ఇంట్లో ఉంది గానీ ఎవరూ నోట పెట్టుకోలేదు. నోరు అదుపులో ఉన్నవాళ్ళకు దాని అవసరం రాదు, నోరు అదుపులో లేనివాళ్ళకు అది ఇవ్వకూడదు.

"బాగా ఇను," అంది ఓబుళమ్మ. "పేరు పెట్టి పిల్సి చెప్తే, ఆ పేరుగలోడికి ఒక్కడికే తగుల్తాది. పేరు ల్యాకుండా చెప్తే ఇన్నోళ్ళందరికీ తగుల్తాది, చెప్పినోడితో సహా. అందుకే ఆ నాయాలు రెండు చెవుల్లో మైనం కుక్కుకొని, పైన రత్నాల కమ్మలు తగిలించుకొని తిరుగుతాండాడు. ఎదుటోళ్ళ పెదాలు సూసి మాట కనుక్కుంటాడు."

"వాడి చెవిలో మైనం, నా చెల్లి నోట మౌనం!" మణిభద్రుడి పిడికిళ్ళు బిగిశాయి. "ఆ మౌనం వదిలేదెలా అవ్వా?"

"కాసు ఎవుని నోట్లో ఉంటే వాడు తిప్పి చెప్తే సాలు. మూసుకోమన్న నోటిని తెరమంటే రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకొని పోతాయి. మునుపటి నోరు మునుపటి మాదిరే ఉంటాది."

"అయితే విద్య నేర్పు."

"ఒక్కటే నేర్పుతా. అన్నీ నేర్పితే ఏమయిందో సూస్తిని గదా. ఆటలు సూపిస్తా, నీకు కావాల్సింది ఎంచుకో."

ఓబుళమ్మ ఖాళీ చేతులు రెండూ పైకెత్తి దులిపింది. వేళ్ళ సందులనుంచి రాగి కాసులు జలజల రాలాయి. రాలి రాలి పాదాల చుట్టూ కుప్ప అయ్యాయి. "ఇది వానకాసు."

"చాలు! ఈ కాసుల కింద వాణ్ణి నిలువునా పాతేస్తాను!"

"నువ్వు సెయ్యెత్తక ముందే నీ చంకలో సంచి యాడుండాదో చెప్తాడు వాడు. దీంట్లో నాకంటే మేటి."

ఈసారి ఇత్తడి పళ్ళెం తీసుకుని, దాని కింద గిన్నె పెట్టి, పైనుంచి కాసుతో గట్టిగా కొట్టింది. కాసు పళ్ళెంలోంచి దూరిపోయి కింది గిన్నెలో టంగుమంది. "ఇది పళ్ళెందూరుడు."

"ఇలాగే వాడి గుండెలోంచి దూరుస్తాను!"

"ఎర్రోడా, కాసు యాడ దూరె? నీ కన్ను పక్కకి పాయె. వాడి కన్ను పోదు."

మూడోసారి బంగారు మాడ ఒకటి అరచేతిలో పెట్టుకుని ఊదింది. మాడ ఎర్రబడి రాగిబిళ్ళ అయి కూర్చుంది. "ఇది రంగుమారుడు."

మణిభద్రుడు ఎగిరి గంతేశాడు. "ఇదే అవ్వా! నిండు కొలువులో రాజుగారి మాడను రాగి చేసి చూపిస్తాను. వాడు చేసిన పాపం వాడి ఎదుటే బయటపడుతుంది!"

"బయట పడితే? రాజును పేరు పెట్టి పిల్సి 'మర్సిపో' అంటాడు. రాజు మర్సిపోతాడు. ఆనేక నీ చేతిలో మాడ ఉండదు, మెడ మీద మాడు ఉండదు."

ఎగిరినవాడు నేలకు దిగాడు. కుప్పపోసిన కాసుల్ని, పళ్ళేన్ని, రాగిబిళ్ళను వరసగా చూశాడు. అన్నీ గొప్ప ఆటలే. అన్నీ వాడికి వచ్చిన ఆటలే. ఉన్నట్టుండి అడిగాడు:

"అవ్వా, వాడు నేర్చుకోకుండా వదిలేసింది ఏదైనా ఉందా?"

ఓబుళమ్మ కళ్ళు చికిలించింది. "ఒకటుండాది లే. చెవికాసు. చంటిబిడ్డ ఏడిస్తే చెవిలోంచి కాసు తీసినట్టు తీసి, ఆమీట ముక్కులోంచి, నోట్లోంచి తీసి నవ్వించేది. నేను నేర్పబోతే ఏమన్యాడో తెలుసునా? 'ఇది ఉగ్గుపాల ఆట, నాబోటి వాడికి తగదు' అని దులుపుకోని లేసిపాయె."

"నాకు అదే నేర్పు."

ముసలావిడ బోసినోరు తెరిచి విరగబడి నవ్వింది. మొసలి నోట్లోంచి బయటపడి, ఏడు పాయలు ఈది, పసిపిల్లల ఆట నేర్చుకుంటానంటున్నాడు! నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగింది.

"చెవిలో..." అంది.

"మైనం ఉంది," అన్నాడు మణిభద్రుడు.

"నోట్లో..."

"కాసు ఉంది. ఈ ఆటకు కాసు నేను పట్టుకెళ్ళక్కర్లేదు అవ్వా. వాడే తెచ్చుకుంటాడు."

ఆ రోజే సాధన మొదలైంది. మొదట మేకల చెవులు. తర్వాత కోతుల చెవులు. కోతులు తిరిగి అతని చెవులు పట్టుకుని పాఠం వప్పజెప్పించుకున్నాయి. రెండు చేతులూ ఒకేసారి రెండు చెవుల దగ్గరికి వెళ్ళాలి, ఒక్క చిటికెలో మైనం గోటికి అంటుకుని రావాలి. చేతులు కిందికి దిగుతూనే బొటనవేళ్ళు చెంపగుంటల్లో నొక్కాలి. దవడ దానంతటదే తెరుచుకోవాలి. చిటికెనవేలు నాలుక కింద గీరాలి. మూడు చిటికెలు, అంతే. నాలుగో చిటికెకు వాక్కాసు తన నాలుక కింద ఉండాలి.

నలభయ్యో రోజు మిట్టమధ్యాహ్నం ఓబుళమ్మ అతన్ని ఒడ్డుకు తీసుకెళ్ళింది. బురదలో పాత మొసలి దవడలు మూసుకుని కునుకుతోంది. "నీ రెండో చెప్పు ఆ కోరల్లో ఇరుక్కోని ఉండాది. పోయి తెచ్చుకో," అని చెట్టునీడన కూర్చుంది.

మణిభద్రుడు ఊపిరి బిగబట్టి పాక్కుంటూ పోయి మొసలి మెడ మీదికి ఉరికాడు. మొసలి లేచింది, నీళ్ళు లేచాయి, కొంగలన్నీ లేచాయి. తోక ఒకసారి గాలిని చీల్చి రెండు కొబ్బరిమొక్కల్ని నేలమట్టం చేసింది. అతని బొటనవేళ్ళు దవడ మూలలు వెతుక్కుని నొక్కాయి. ఆ మహాగుహ బార్లా తెరుచుకుంది. చేయి లోపలికి వెళ్ళి, బయటికి వచ్చింది. వెనకే దవడలు ఠప్పున మూసుకున్నాయి. ఒడ్డున నిలబడి రెండు కాళ్ళకూ రెండు చెప్పులు తొడుక్కున్నాడు. ఇప్పుడు చెప్పుకోదగ్గ విజయమే.

"పోయి రా నాయనా," అంది ఓబుళమ్మ పడవ ఎక్కిస్తూ. "నా కాసు నాకు తెచ్చియ్యి. ఇంకోతూరి చెప్తాండా, పేరు పెట్టి పిలువు. పేరు!"

"జిహ్వకేతూ, కొలిమిలో దూకు!" అని మణిభద్రుడు సముద్రం అదిరేలా అరిచి చూపించాడు. నలభై రోజులూ పొద్దున్నే లేచి ఆ వాక్యమే వల్లించాడు. చెల్లెలికి చెప్పాల్సిన వాక్యం ఒక్కసారీ వల్లించలేదు. దానికి వల్లె వేయడమెందుకు, సొంత చెల్లెలే కదా!

దారిలో తుఫాను పడవను మింగింది, దొంగలు దుంగ మీద తేలుతున్న అతన్ని పట్టారు. దొంగల నాయకుడి చెవిలోంచి వాడి ఉంగరమే తీసి చూపిస్తే వాడు పసివాడిలా చప్పట్లు కొట్టి, టంకావతి రేవులో దింపి, తలపాగా కూడా బహూకరించాడు. ఆ తలపాగా చుట్టుకుని, మేకవెంట్రుకల గడ్డం అంటించుకుని, మొహానికి జేగురు పూసుకుని మణిభద్రుడు కోటగుమ్మం చేరేసరికి కొత్తముద్ర పండుగ సాగుతోంది. ఏటా కొత్త మాడలు అచ్చు వేసిన రోజున గారడీవాళ్ళు తొలి మాడతో రాజును మెప్పించాలి. మెప్పిస్తే ఆ మాడ వాళ్ళది. లేకపోతే వాళ్ళు కొలిమివాళ్ళు.

"ఎవలు నువ్వు?" అన్నాడు గుర్రపుతోకంత మీసమున్న ద్వారపాలకుడు.

మణిభద్రుడు తన చెవులనే అనుమానించాడు. "దండాలండీ. గారడీవాణ్ణి."

"గాలడీ అనాల. మొలటోడిలాగ మాటాడకు. దొలలు వింటే నవ్వుతాలు."

అప్పుడర్థమైంది. నాలుక కింద కాసు ఇరుక్కుని మహామంత్రికి పలకని అక్షరాన్ని పట్టణం పట్టణమంతా మర్యాదగా మానేసింది. పలకవద్దని ఎవరూ శాసించలేదు. పై వాళ్ళు పలకనిది తాము పలికితే పొగరనుకుంటారని ఎవరికి వారే 'ర'కు రజా ఇచ్చేశారు. మణిభద్రుడి గుండె ఉప్పొంగింది. నత్తి ఇంకా ఉందంటే కాసు ఇంకా అక్కడే ఉంది!

"ఏ ఆట నీది?"

"చెవిలోంచి కాసు తీస్తానండీ."

"ఓలి నీ దుంపతెగ! మా చంటోడికి మా అత్త సూపిత్తది ఆ ఆట! నీ ముందోళ్ళు వానలు కులిపించేవోళ్ళు, పళ్ళేల్లోంచి కాసులు దూల్చేవోళ్ళు. ఆళ్ళకే దిక్కు లేదు. కొలిమి దగ్గలకి పోతాకి ఇంత దూలం వచ్చావా?"

"అవునండీ," అన్నాడు మణిభద్రుడు. "కొలిమి కోసమే వచ్చాను."

కొలువుకూటం కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. వంద స్తంభాలు, స్తంభానికొక బంగారు సింహం, సింహం నోట ముత్యాల సరం. పైన పట్టుపందిరి, కింద పన్నీటి జల్లు. ఎదుట, తెరిచిన పెరటి వాకిలికి అవతల, టంకశాల కొలిమి ఎర్రటి నోరు తెరుచుకుని కూర్చుంది. అప్పటికే ఇద్దరు గారడీవాళ్ళు అందులోకి నడిచి వెళ్ళారు. "చంకలో సంచి," "చేతివెనక లెండో కాసు," అని జిహ్వకేతుడు వాళ్ళ గుట్టు విప్పి, పేరు అడిగి తెలుసుకుని, పేరు పెట్టి పిలిచి మరీ దూకమన్నాడు.

సింహాసనం మీద గండభేరుండవర్మ మహారాజు ఆవులిస్తున్నాడు. పక్కన ఏనుగుదంతపు పీఠం మీద సన్నగా, పొడుగ్గా, నాలుకలాగే మెత్తగా జిహ్వకేతుడు. అతని ఎడమ పక్కన మంజువాణి.

చేతుల్లో బంగారు తమ్మపడిగ పట్టుకుని నిలబడి ఉంది. నాలుక కింద కాసున్నవాడు తాంబూలం నమలడు. నమలనివాడికి ఉమ్మే పాత్ర ఎందుకు? ధనగుప్తుడి కూతురి చేత పట్టించడానికి. మూడేళ్ళుగా అందులో ఏమీ పడలేదు. మూడేళ్ళుగా ఆమె దాన్ని దించలేదు. నడుముకు దోపిన తామరతూడు ఎండి వంకర తిరిగి ఉంది.

మణిభద్రుడు తల దించుకుని ముందుకు నడిచాడు. కొత్త మాడ అందుకుని, రాజుగారి కుడిచెవిలోంచి తీశాడు. రాజు కిలకిల నవ్వాడు. ఎడమచెవిలోంచి తీశాడు. రాజు కాళ్ళు కొట్టుకుంటూ నవ్వాడు.

"మంత్లీ, మంత్లీ! నా చెవుల్లో మాడలున్నాయి! నీ చెవుల్లో ఏమున్నాయో చూద్దాం!"

జిహ్వకేతుడు రాజు పెదవులు చూసి మాట పట్టుకున్నాడు. మూతి వంకర పెట్టాడు. "ఉగ్గుపాల ఆట! లాలా, నా మీద ఆడు. కాసు ఎక్కడ దాచావో నేను చెప్తాను. తలవాత నీ పేలు చెబుదువుగాని."

మణిభద్రుడు మాడను రాజుగారి చేతిలో పెట్టి మంత్రి పీఠం దగ్గరికి వెళ్ళాడు. జిహ్వకేతుడి చూపు డేగలా అతని అరచేతుల మీద వాలింది. మణికట్లు చూశాడు, చొక్కా చేతులు చూశాడు, వేళ్ళ సందులు చూశాడు. ఎక్కడా కాసు లేదు. లేనిదాన్ని కనిపెట్టలేక మొదటిసారి ఆ మహామాయావి కనుబొమలు ముడిపడ్డాయి.

ఒకటో చిటికె. రెండు కమ్మల వెనకనుంచి రెండు మైనపు బిళ్ళలు గోళ్ళకు అంటుకుని వచ్చేశాయి. మూడేళ్ళ తర్వాత లోకం ఒక్కసారిగా జిహ్వకేతుడి చెవుల్లోకి విరుచుకుపడింది. బాకాలు, నవ్వులు, కొలిమి హోరు. తుళ్ళిపడ్డాడు. రెండో చిటికె. బొటనవేళ్ళు చెంపగుంటల్లో దిగాయి. మొసలి తెరిచిన నోరు మంత్రి తెరవడా? మూడో చిటికె. చిటికెనవేలు నాలుక కింద గీరింది.

"ఇదిగో మహారాజా, మంత్రిగారి కాసు!" అని ఎత్తి చూపి, కొలువంతా చప్పట్లు కొడుతుండగానే దాన్ని నాలుక కింద పడేసుకున్నాడు. చల్లగా, చేదుగా, బరువుగా ఉంది. గడ్డం పీకి విసిరేశాడు.

"ధనగుప్తుడి కొడుకు!" అని కీచుమన్నాడు జిహ్వకేతుడు. "భటులాలా! పట్టుకోండి! కట్టండి! కొట్టండి!" భటులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంత్రి మాట మొదటిసారి ఉత్త మాటయింది. పైగా కాసు పోయినా నత్తి పోలేదు.

మణిభద్రుడు గుండెనిండా ఊపిరి పీల్చాడు. నలభై రోజుల వాక్యం గొంతులో సిద్ధంగా ఉంది. జిహ్వకేతూ...

"మ్..." అని వినిపించింది పక్కనుంచి. "మ్... మ్..."

మంజువాణి అతని మణికట్టు మీద చిన్ననాటి కొలిమి మచ్చను చూసింది. అతుక్కున్న పెదవుల వెనక 'అన్నా' అనే మాట తలుపు బాదుకుంటోంది. మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. కళ్ళనుంచి నీళ్ళు కారి, తెరుచుకోని పెదవుల మీదుగా పడిగలోకి చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

నలభై రోజుల పగ ఒక్క క్షణం పక్కకు తప్పుకుంది. ఏ అన్న అయినా ఎలా పిలుస్తాడో అలాగే పిలిచాడు.

"చెల్లీ! నోలు తెలు!"

చెల్లెల్ని పేరు పెట్టి పిలిచిన అన్న ఆ రాజ్యంలో లేడు. కాసుకు వరసలు తెలియవు. చెల్లి అంటే దానికి తెలిసింది ఒకటే, చెల్లడం. ఈ మాట అందరికీ చెల్లుతుంది కాబోలు అనుకుంది.

కొలువులో ఉన్న వందల నోళ్ళు ఒక్కసారిగా బార్లా తెరుచుకున్నాయి. రాజుగారి నోరు, సేనాధిపతి నోరు, బాకాలవాళ్ళ నోళ్ళు, ఆజ్ఞ ఇవ్వబోతున్న జిహ్వకేతుడి నోరు. గుమ్మంలో గుర్రపుతోక మీసాలు రెండు పాయలై వేలాడాయి. స్తంభాల మీది సింహాలకూ కొలువుకూ తేడా ముత్యాల సరం ఒక్కటే.

మణిభద్రుడు జిహ్వకేతుడి చెవులు మరిచిపోలేదు. తన చెవులు మరిచిపోయాడు.

అతని నోరూ తెరుచుకుంది. వాక్కాసు నాలుక కిందనుంచి జారి, కింది పెదవి తాకి, గాలిలో ఒక పల్టీ కొట్టింది. అందుకోబోయిన అతని వేళ్ళకు తగిలి పైకి ఎగిరింది. జిహ్వకేతుడు రెండు చేతులూ చాపి పీఠం మీదనుంచి ముందుకు దూకి, పాలరాతి నేల మీద పొట్టతో జారాడు. కాసు అతని చేతికి బెత్తెడు అవతల, సరిగ్గా ఒకచోట పడింది.

టంగ్!

మూడేళ్ళలో ఆ తమ్మపడిగలో మొదటిసారి ఒక వస్తువు పడింది.

మంజువాణి లోపలికి చూసింది. పెదవులు విడిపోయాయి. మూసుకోమన్న మాటా తెరవమన్న మాటా కొట్టుకుపోయి, ఆ కొలువు మొత్తం మీద తెరవాలంటే తెరుచుకునే, మూయాలంటే మూసుకునే నోరు ఆమెదొక్కటే మిగిలింది. ఒకసారి తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. కాసును రెండు వేళ్ళతో తీసి, పైటకొంగుతో తుడిచి, నాలుక కింద పెట్టుకుంది. ఖాళీ పడిగను జిహ్వకేతుడి తల పక్కన నింపాదిగా దించింది.

తెరుచుకున్న నోటితోనే మణిభద్రుడు "ఆ... ఆ..." అన్నాడు. పేరు పెట్టి పిలవమ్మా అని దాని అర్థం. ఆ అర్థం ఎవరికి తెలుస్తుంది?

ఆమె జిహ్వకేతుణ్ణి చూసింది. ఆ పేరు ఆమెకు తెలుసు. తెరుచుకున్న నోటితో మొదట పలికేది ఆ పేరా? ఛీ!

"లా," అంది. రా అని.

నేల మీద బోర్లా పడ్డ జిహ్వకేతుడు తీగ లాగినట్టు లేచాడు. కళ్ళు వద్దంటున్నాయి, చేతులు స్తంభాలను పట్టుకుంటున్నాయి, కాళ్ళు మాత్రం ఆమె వెనక నడుస్తున్నాయి. మంజువాణి పెరటి వాకిలి దాటి, ఎర్రగా మండుతున్న కొలిమి వైపు తిన్నగా నడిచింది. తండ్రి నడిచిన దారే. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

తిరిగి ఉంటే చూసేది. జిహ్వకేతుడి వెనక సేనాధిపతి నడుస్తున్నాడు. సేనాధిపతి వెనక పాదుకలు వదిలేసి మహారాజు నడుస్తున్నాడు. భటులు, బాకాలవాళ్ళు, మీసాల ద్వారపాలకుడు, నోళ్ళు తెరుచుకుని నిశ్శబ్దంగా వందల మంది. అందరికంటే ముందు, జిహ్వకేతుడి భుజం రాసుకుంటూ, మణిభద్రుడి కాళ్ళు మణిభద్రుణ్ణి మోసుకుపోతున్నాయి. స్తంభం పట్టుకున్నాడు, చేయి జారింది. చెప్పు ఒకటి మళ్ళీ ఊడిపోయింది. కొలిమి వేడి మొహానికి తగిలి జేగురు కరుగుతోంది.

మంజువాణి కొలిమి అంచున ఆగింది. ఊపిరి పీల్చింది. ఆమె నాలుక మీద తయారుగా ఉన్న రెండో మాట ఏమిటో మణిభద్రుడికి తెలుసు. అది వాళ్ళ నాన్న విన్న ఆఖరి మాట. దానికి ముందు ఈసారీ పేరుండదని కూడా తెలుసు.

చిన్న మాట అది. అందులో నత్తి పడే అక్షరమైనా లేదు.